గోడలకు కాదు, మేధకు గ్రాంటు

ఫిలింనగర్ డబ్బింగ్ థియేటర్లలో ఇప్పుడు ఒకే సినిమా అయిదు భాషలు మాట్లాడుతోంది. కానీ మాట మారినంత సులువుగా పెదవి మారదు. ఆ తేడాను కంప్యూటర్‌తో సరిదిద్దే ‘వావ్‌టులిప్’ పద్ధతిని 2020లో లోకానికి చూపింది గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కూడా అందులో పాలుపంచుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి, 2023 నవంబరులో, నటి రష్మికా మందన్న ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశాన్ని కలవరపెట్టింది. రెండింటి సాంకేతికత వేరైనా పాఠం ఒక్కటే. ముఖం, గొంతు యంత్రం చేతికి చిక్కాక అది ఒక్క కంప్యూటర్ శాస్త్రంతో తేలే వ్యవహారం కాదు. ధ్వని, భాష, మనస్తత్వం, న్యాయం చదివినవారంతా, ఏ దేశంవారైనా, ఒకచోట కూర్చోవాలి. మన విశ్వవిద్యాలయాల్లో అలాంటి అంతర్జాతీయ పరిశోధన కేంద్రాలకు ప్రభుత్వం దీర్ఘకాలిక గ్రాంట్లు ఇవ్వాలి. అందులో సినిమా పరిశ్రమ తన వాటా భరించాలి.

ఇది గాలిమేడ కాదనడానికి రుజువు జూబ్లీహిల్స్ పక్కనే, బంజారాహిల్స్‌లో ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన నేత్రవైద్య సంస్థకు దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) డైరెక్టరుగా పనిచేసిన డి. బాలసుబ్రమణియన్ అక్కడి పరిశోధనకు సారథ్యం వహించారు. వైద్యులు, జీవశాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు కలిసి పనిచేశారు. దెబ్బతిన్న కార్నియాకు మూలకణాలతో చికిత్స చేసే ‘స్లెట్’ విధానాన్ని అక్కడి వైద్యులు 2012లో ప్రకటించారు. నేడు దాన్ని అనేక దేశాల సర్జన్లు అనుసరిస్తున్నారు. సంస్థ పుట్టుకకూ ఆ ఫలితానికీ మధ్య పాతికేళ్లు గడిచాయి. మన గ్రాంట్లేమో మూడేళ్ల ప్రాజెక్టుల లెక్కన నడుస్తాయి. గడువు తీరగానే పరిశోధకుడు వేరే ఊరు చూసుకుంటాడు, కొన్న పరికరం దుమ్ము పట్టిపోతుంది.

దేశం పరిశోధనకు వెచ్చించేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో రూ.50,000 కోట్లు సమకూర్చాలన్నది లక్ష్యం. అందులో దాదాపు రూ.36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలి. పరిశ్రమలు జేబులో చెయ్యి పెట్టకపోతే ఆ అంకె కాగితం దాటదు.

ఖాళీ అధ్యాపక పోస్టులే నింపలేని చోట కొత్త కేంద్రాలెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే గ్రాంటులో మొదటి రూపాయి భవనానికి కాక, శాశ్వత అధ్యాపకుడికీ పరిశోధక విద్యార్థికీ దక్కాలి. కోట్లు గడించే సినిమాకు ప్రజాధనమా అని మరికొందరు అడుగుతారు. గ్రాంటు వెళ్లేది విశ్వవిద్యాలయానికి, స్టూడియోకు కాదు. పైగా మద్రాసు నుంచి తరలివచ్చిన పరిశ్రమకు స్టూడియో స్థలాలు, రాయితీలు ఇచ్చి నిలబెట్టింది ప్రభుత్వాలే. ఆ రుణం తీర్చుకోమనడం దానం అడగడం కాదు. ఇక విదేశీ భాగస్వాములు మన డేటాను, పేటెంట్లను పట్టుకుపోతారన్న భయానికి మందు తలుపు మూయడం కాదు, హక్కులను ముందే ఒప్పందంలో రాసుకోవడం. పదింట ఎనిమిది సినిమాలు నష్టపోతే వాటా ఎక్కడిదని నిర్మాతలు అనవచ్చు. నష్టపోయినవారిని ఎవరూ అడగడం లేదు. లాభం తెచ్చిన చిత్రం నుంచి కొంత తీస్తే చాలు.

తెలంగాణ ప్రభుత్వం పదేళ్ల గడువుతో, పరిశ్రమ వేసే ప్రతి రూపాయికీ తానో రూపాయి కలిపే నిధిని ప్రకటించాలి. కేంద్రాల ఎంపికను విదేశీ నిపుణులూ ఉన్న సంఘానికి వదిలి, అయిదో ఏట ఫలితాలను జనం ముందు పెట్టాలి. ఒక నిర్మాత కుటుంబం ఇచ్చిన అయిదెకరాలు ఎందరికో చూపునిచ్చాయి. ఇప్పుడు చూడవలసింది ఫిలింనగరే.