హిరోషిమా: ‘వేరే దారి లేదు’ అన్న వాదనలో నిజమెంత?

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు హిరోషిమా నగరం మీద, నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున, అమెరికా అణుబాంబు పేలింది. దాని శక్తి సుమారు 15 కిలోటన్నులు. అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ ఒక్కసారిగా పేలినంత. ఆగస్టు 9న నాగసాకి మీద రెండో బాంబు పడింది. ఆ ఏడాది ముగిసేసరికి హిరోషిమాలో లక్షా 40 వేల మంది, నాగసాకిలో 70 వేల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆగస్టు 15న చక్రవర్తి హిరోహితో రేడియోలో మాట్లాడి లొంగుబాటు ప్రకటించాడు. బాంబు పడింది, యుద్ధం ఆగింది. కాబట్టి బాంబు వల్లే ఆగింది, కాబట్టి వేయడం సబబే అన్న తీర్పు అమెరికాలో వెంటనే స్థిరపడిపోయింది. ఎనిమిది దశాబ్దాలుగా చరిత్రకారులు తవ్వి తీసిన పత్రాలు మాత్రం అంత సూటిగా మాట్లాడవు.

బాంబును సమర్థించే వాదనను దాని బలమంతటితో ముందు చెప్పుకోవాలి. బాంబు వేసేనాటికి అమెరికా యుద్ధ మంత్రిగా ఉన్న హెన్రీ స్టిమ్సన్ 1947 ఫిబ్రవరిలో ‘హార్పర్స్’ పత్రికలో రాసిన వ్యాసం దీనికి మూలం. జపాన్ గడ్డ మీద దిగి పోరాడాల్సి వస్తే ఒక్క అమెరికా వైపే మృతులు, క్షతగాత్రులు కలిపి పది లక్షలు దాటేవారని, బాంబు ఆ నరమేధాన్ని తప్పించిందని ఆయన వాదించాడు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1945 ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాగిన ఒకినావా పోరులో 12 వేల మందికి పైగా అమెరికన్లు, లక్ష మంది వరకు జపాన్ సైనికులు, దాదాపు అంతే సంఖ్యలో ఆ దీవి ప్రజలు చనిపోయారు. అంత చిన్న దీవికే అంత మూల్యం అయితే జపాన్ ప్రధాన దీవులైన కియుషు, హోన్షుల మాటేమిటి?

ఆసియా కోణం ఇంకా బరువైనది. పాశ్చాత్య దేశాల్లో బాంబును విమర్శించేవారు దీన్ని తరచు మరిచిపోతారు. చైనాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇండోచైనాలో జపాన్ ఆక్రమణ కింద జనం రోజూ చస్తూనే ఉన్నారు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క మనీలా పోరులోనే దాదాపు లక్ష మంది పౌరులు బలయ్యారు. అంతకు ముందు సయాం-బర్మా రైలుమార్గం కోసం మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలు కలరాకూ, ఆకలికీ, దెబ్బలకూ వేలల్లో రాలిపోయారు. యుద్ధం ఇంకొక్క నెల సాగినా ఆ నెల ఖర్చును ఇలాంటివారే కట్టాలి. బాంబు వేయకుండా ఆగి ఉండాల్సిందని అనేవారు ఈ లెక్కను పక్కన పెట్టడానికి వీల్లేదు.

అయితే పది లక్షల అంకెకు ఆధారం పలచన. 1945 జూన్‌లో అమెరికా సైనిక ప్రణాళికా సంఘం వేసిన అంచనాల్లో మరణాల సంఖ్య, దాడి ఎంత దూరం సాగుతుందన్న దాన్ని బట్టి, 25 వేల నుంచి 46 వేల వరకు ఉంది. జూలైలో కియుషులో జపాన్ బలగాలు అనుకున్నదానికంటే బాగా పెరగడంతో ఆ అంచనాలకు కాలం చెల్లిందని రిచర్డ్ ఫ్రాంక్ వంటి చరిత్రకారులు చెప్పే మాటలోనూ న్యాయం ఉంది. 46 వేలైనా ప్రాణాలే గనుక ఈ అంకెల తగవు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. అసలు తేల్చుకోవాల్సింది వేరే. బాంబు, లేదంటే నేల మీద దాడి — ఆనాడు ఉన్నవి నిజంగా ఈ రెండు దారులేనా? కియుషు మీద దాడికి పెట్టుకున్న ముహూర్తం నవంబరు 1. హిరోషిమా మీద బాంబు పడేనాటికి ఇంకా పన్నెండు వారాల గడువుంది.

ఆ గడువులో చేయదగిన పనుల్లో మొదటిది లొంగుబాటు షరతుల్ని సడలించడం. మిత్రపక్షాలు కోరింది బేషరతు లొంగుబాటు. జపాన్ పాలకులకు అన్నిటికంటే పెద్ద భయం చక్రవర్తి గతి ఏమవుతుందన్నది. ఆయన్ను యుద్ధ నేరస్థుడిగా బోనెక్కిస్తారేమో, రాచరికాన్నే రద్దు చేస్తారేమో! ఈ భయం అమెరికాకు తెలుసు. జపాన్ విదేశాంగ మంత్రి టోగో షిగెనోరి మాస్కోలోని తన రాయబారి సాటో నవోటాకెకు పంపిన రహస్య తంతి సందేశాలను అమెరికా గూఢచారులు విప్పి చదువుతూనే ఉన్నారు. యుద్ధం ముగియాలని చక్రవర్తి కోరుతున్నారని, బేషరతు లొంగుబాటే అడ్డంకి అని జూలై సందేశాల్లో ఉంది. ప్రస్తుత వంశం కింద రాజ్యాంగబద్ధమైన రాచరికం కొనసాగవచ్చన్న వాక్యాన్ని జపాన్‌ను లొంగమని కోరే పాట్స్‌డామ్ ప్రకటన ముసాయిదాలో స్టిమ్సన్ స్వయంగా చేర్చాడు. జూలై 26న ప్రకటన వెలువడేసరికి ఆ వాక్యం లేదు. లొంగకపోతే సత్వర, సంపూర్ణ వినాశనం తప్పదన్న హెచ్చరిక మాత్రం మిగిలింది. అణుబాంబు పేరైనా అందులో లేదు. ప్రధాని సుజుకి కంటారో జూలై 28న ఆ ప్రకటనను పట్టించుకోబోమన్నట్టు మాట్లాడాడు.

తర్వాత జరిగింది చూస్తే మనసు కలుక్కుమంటుంది. రెండు బాంబులు పడ్డాక, ఆగస్టు 10న, చక్రవర్తి అధికారాలకు భంగం రాకూడదన్న ఒక్క షరతుతో లొంగుతామని జపాన్ కబురు పెట్టింది. చక్రవర్తి మిత్రపక్షాల సేనాధిపతికి లోబడి ఉంటారని, అంతిమ ప్రభుత్వ రూపాన్ని జపాన్ ప్రజలే నిర్ణయించుకుంటారని అమెరికా బదులిచ్చింది. రాచరికం రద్దు చేస్తామని అనలేదు. చేయనూ లేదు. హిరోహితో 1989లో చనిపోయేదాకా సింహాసనం మీదే ఉన్నాడు. రెండు నగరాలు బూడిదయ్యాక ఇచ్చిన ఆ సడలింపును ముందే ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు ఇప్పటికీ లేదు.

ముందే ఇచ్చి ఉంటే జపాన్ తప్పక లొంగేదని చెప్పడమూ సాహసమే. వంశాన్ని కాపాడుకునే ఏర్పాటుతో లొంగిపోదామని సాటో సూచిస్తే, బేషరతు లొంగుబాటు కుదరదని టోగో జూలై 21న కొట్టిపారేశాడు. ఆగస్టు 9న కూడా, హిరోషిమా పోయాక, రష్యా యుద్ధంలోకి దిగాక, నాగసాకి కబురు అందాక కూడా, అత్యున్నత యుద్ధ మండలిలోని ఆరుగురు సభ్యులు చెరి ముగ్గురుగా చీలిపోయారు. సైన్యాధిపతులకు చక్రవర్తి ఒక్కడే చాలలేదు. దేశాన్ని విదేశీ సేన ఆక్రమించకూడదు, నిరాయుధీకరణ, యుద్ధ నేరాల విచారణ తామే చేసుకోవాలి అన్నారు. చక్రవర్తి కల్పించుకుంటే తప్ప పీటముడి వీడలేదు. ఆగస్టు 14 రాత్రి కొందరు సైనికాధికారులు రాజప్రాసాదంలో తిరుగుబాటుకు కూడా దిగారు. సడలింపు ఫలించేదో లేదో అందుకే చెప్పలేం. ఇవ్వకుండానే బాంబు వేశారన్నది మాత్రం నిశ్చయం.

రెండో దారి రష్యా కోసం ఆగడం. జర్మనీ ఓడిన రెండు మూడు నెలల్లో జపాన్ మీద యుద్ధానికి దిగుతానని స్టాలిన్ ఫిబ్రవరిలోనే యాల్టాలో మాటిచ్చాడు. జూలై 17న ఆ మాటను పాట్స్‌డామ్‌లో మళ్లీ చెప్పినప్పుడు, దాంతో జపాన్ పని అయిపోతుందని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన డైరీలో రాసుకున్నాడు. ఆగస్టు 8న రష్యా యుద్ధం ప్రకటించి, మర్నాడు మంచూరియాలోకి చొరబడింది. జపాన్ యుద్ధ మండలి అత్యవసరంగా కూర్చున్నది హిరోషిమా పడిన రోజున కాదు, రష్యా దిగిన రోజున. మాస్కో మధ్యవర్తిత్వం మీద పెట్టుకున్న చివరి ఆశ ఆ రోజే పోయింది. లొంగుబాటును నిర్ణయించింది బాంబుకంటే రష్యా రాకేనని చరిత్రకారుడు త్సుయోషి హసెగావా 2005లో వెలువరించిన గ్రంథంలో వాదించాడు. చక్రవర్తి మనసు మార్చింది బాంబేనని అసాదా సదావో వంటివారి పక్షం. ప్రజలనుద్దేశించిన రేడియో ప్రసంగంలో క్రూరమైన కొత్త బాంబు ప్రస్తావన ఉంది. ఆగస్టు 17న సైనికులకు ఇచ్చిన ఆదేశంలో బాంబు మాట లేదు, రష్యా మాట ఉంది. రెండూ కలిసే పనిచేశాయనుకోవడం సమంజసం. అలాగైతే ఆగస్టు తొలి వారంలో ఆగడానికి వీల్లేనంత తొందర ఏమిటన్నది మళ్లీ మొదటికొస్తుంది.

జనం లేని చోట పేల్చి చూపించాలన్న సూచన కూడా వచ్చింది. జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో, బాంబు తయారీలో పాలుపంచుకున్న షికాగో శాస్త్రవేత్తలు జూన్‌లో ఇచ్చిన నివేదిక అదే కోరింది. శాస్త్రవేత్తలు ఓపెన్‌హైమర్, ఫెర్మి, లారెన్స్, కాంప్టన్‌ల సలహా బృందం మాత్రం అలాంటి ప్రదర్శన యుద్ధాన్ని ముగిస్తుందన్న నమ్మకం లేదని తేల్చేసింది.

దారుల సంగతి అలా ఉంచితే, బాంబును ఎవరి మీద వేశారన్నది నైతికంగా ఇంకా పెద్ద ప్రశ్న. స్త్రీలు, పిల్లలు కాకుండా సైనిక లక్ష్యాలే గురి కావాలని చెప్పినట్టు ట్రూమన్ జూలై 25న డైరీలో రాశాడు. ఆగస్టు 9 రేడియో ప్రసంగంలో హిరోషిమాను సైనిక స్థావరం అన్నాడు. అక్కడ సైనిక ప్రధాన కార్యాలయం ఉన్న మాట నిజమే. కానీ గురిచూసింది దాన్ని కాదు, ఊరి నడిబొడ్డున ఉన్న అయోయి వంతెనను. మే 31న స్టిమ్సన్ అధ్యక్షతన కూర్చున్న సంఘం, చుట్టూ కార్మికుల ఇళ్లున్న పెద్ద యుద్ధ కర్మాగారం తగిన గురి అని ముందే అనుకుంది. వీలైనంత ఎక్కువమంది మనసుల మీద దెబ్బ పడాలన్నది ఉద్దేశం. ఇళ్లు అక్కడ పొరపాటున అడ్డొచ్చినవి కావు, లెక్కలో ఉన్నవే.

హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఒక అన్నం డబ్బా ఉంది. బాంబు పడిన ఉదయం ఊళ్లో ఎనిమిది వేల మందికి పైగా బడిపిల్లలు, అగ్నిప్రమాదాలు పాకకుండా ఖాళీ జాగాలు చేయడానికి, ఇళ్లు పడగొట్టే చోట పనిచేస్తున్నారు. ఆరు వేల మందికి పైగా పిల్లలు చనిపోయారు. వారిలో ఒకడు మాధ్యమిక పాఠశాల మొదటి ఏడాది చదివే కుర్రాడు. బార్లీ, సోయా కలిపి వండిన అన్నం, వేయించిన బంగాళాదుంప తురుముతో ఆ పొద్దున తల్లి డబ్బా కట్టిచ్చింది. రోజుల తరబడి వెతికిన తల్లికి కొడుకు శరీరం కింద ఆ డబ్బా కనబడింది. దాన్ని చూసే ఆమె కొడుకును గుర్తుపట్టింది. లోపలి మెతుకులు బొగ్గైపోయాయి. యుద్ధం ముగించడానికి ఆ పిల్లవాడిని సాధనంగా వాడుకోవచ్చా అన్నదే, అంకెలన్నీ పక్కన పెడితే, మిగిలే ప్రశ్న.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1956లో ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వబోతే తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కూమ్ ఒప్పుకోలేదు. ఏదో సాధించడానికి నిరపరాధులను చంపాలని కావాలనే ఎంచుకుంటే అది హత్యేనని ఆమె వాదం. 1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద కురిపించిన అగ్నిబాంబులకు లక్ష మంది కాలిపోయారు కదా, అణుబాంబు ఒక్కటే నేరమా అని కొందరు అడుగుతారు. నిజానికి ఆ ప్రశ్న బాంబుకు సమర్థన కాదు. టోక్యో దహనమూ అదే నేరమని మాత్రమే దానివల్ల తేలుతుంది.

తెలుగువారికి ఈ చర్చ పరాయిది కాదు. భారతంలో ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ఉపదేశిస్తూ, ఎంత ఆపదలోనైనా మనుషుల మీద ప్రయోగించవద్దని కట్టడి చేశాడు. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ ఆ కట్టడి మీరాడు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. చివరికి అది పాండవ స్త్రీల గర్భాల మీద పడింది. హిరోషిమాలోనూ ఆనాడు తల్లి కడుపులో ఉన్న శిశువుల్లో కొందరు చిన్న తలతో, ఎదగని బుద్ధితో పుట్టారు.

నాగసాకి సంగతిలో సమర్థన మరీ బలహీనం. దానికి వేరే నిర్ణయమే జరగలేదు. సిద్ధమైన కొద్దీ బాంబులు వేయమని జూలై 25న ఇచ్చిన ఒక్క ఉత్తర్వే చాలింది. హిరోషిమాలో ఏం జరిగిందో టోక్యో అర్థం చేసుకోవడానికి దక్కింది సుమారు మూడు రోజులే. రెండో బాంబును మోసిన విమానం మొదట వెళ్లింది కోకురా నగరం మీదికి. అక్కడ కిందేమీ కనబడక నాగసాకికి మళ్లింది. ఇక తన అనుమతి లేకుండా మరో బాంబు వేయవద్దని ట్రూమన్ ఆగస్టు 10న ఆపాడు. అంతమంది పిల్లలను చంపడం తనకు ఇష్టం లేదని ఆయన అన్నట్టు మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. ఆ మాట నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది.

చట్టం దగ్గరికొస్తే, టోక్యో యుద్ధ నేరాల విచారణలో భారత న్యాయమూర్తి రాధాబినోద్ పాల్ తన అసమ్మతి తీర్పులో అణుబాంబు నిర్ణయాన్ని ఎత్తిచూపాడు. 1963 డిసెంబరులో టోక్యో జిల్లా న్యాయస్థానం ఆ బాంబుదాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తేల్చింది, బాధితులకు పరిహారం మాత్రం ఇవ్వలేదు. 1996లో అంతర్జాతీయ న్యాయస్థానం అణ్వాయుధ ప్రయోగం సాధారణంగా చట్టవిరుద్ధమని చెబుతూనే, దేశం ఉనికికే ముప్పొచ్చే ఆత్మరక్షణ పరిస్థితిలో ఏమిటన్నది నిర్ణయించలేకపోయింది. ఆ సందు చిన్నది కాదు.

యుద్ధాన్ని ఒక్క దెబ్బతో ఆపవచ్చన్న 1945 ఆలోచన ఇంకా బతికే ఉంది. 60 కిలోమీటర్ల దూరం వెళ్లే నస్ర్ క్షిపణిని పాకిస్తాన్ 2011లో పరీక్షించింది భారత సేనల కదలికను చిన్న అణుదెబ్బతో నిలపవచ్చన్న లెక్కతోనే. ముందుగా ప్రయోగించబోమని, తమపై ప్రయోగిస్తే భారీ స్థాయిలో ప్రతిదాడి తప్పదని భారత్ 2003లో ప్రకటించిన సిద్ధాంతం చెబుతోంది. 1945లో జపాన్ చేతిలో అణుబాంబు లేదు కాబట్టే ఆ దెబ్బ చివరి దెబ్బ అయింది. నేడు హైదరాబాద్, కరాచీల వంటి నగరాలున్న చోట అది మొదటి దెబ్బ మాత్రమే అవుతుంది. హిరోషిమా బాంబంత శక్తి ఉన్న ఆయుధాన్ని ఇప్పుడు తక్కువ శక్తి గలదని పిలుస్తున్నారు.

బాంబు దెబ్బ తిని బతికిన హిబాకుషాల సంస్థ నిహోన్ హిదాంక్యోకు 2024 నోబెల్ శాంతి బహుమతి దక్కింది. 2025 నాటికి జపాన్‌లో వారి సంఖ్య లక్షలోపుకు పడిపోయింది, సగటు వయసు 86 దాటింది. వారు కోరుతున్న అణ్వాయుధ నిషేధ ఒప్పందం 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ దాని మీద సంతకం చేయలేదు. జపాన్ కూడా చేయలేదు.