పెరూ అడవి, మన ఇంటి బంగారం

పెళ్లి కుదిరిన ఇంట్లో మొదటి లెక్క బంగారం దగ్గరే మొదలవుతుంది. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటాక ఆ లెక్క మరీ కష్టమైపోయింది. అమ్మాయి తండ్రికి అది అప్పు. గుల్జార్ హౌజ్ దగ్గర నగల దుకాణం నడిపేవారికి అది పడిపోయిన గిరాకీ. అదే ధర భూమికి అవతలి వైపున, దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో ఇంకో రకంగా పనిచేస్తోంది. అక్కడ బంగారం రేటు పెరిగిన కొద్దీ అడవి తరిగిపోతోంది. ఆ అడవిని కాపాడటానికి ఒక స్వచ్ఛంద సంస్థ పాతికేళ్లుగా పోరాడుతోంది.

పెరూతో మనకేం సంబంధం అనుకోవచ్చు. ఉంది. పెరూ నుంచి మన దేశానికి వచ్చే సరుకులో విలువ ప్రకారం చూస్తే సింహభాగం బంగారమే. పెరూ బంగారమంతా అడవి నరికి తీసిందని కాదు. ఆండీస్ కొండల్లో పెద్ద కంపెనీల గనులు చాలా ఉన్నాయి. కానీ అక్రమంగా తీసిన బంగారం కూడా మధ్యవర్తుల చేతులు మారి, కాగితాలు సంపాదించుకుని, అసలైన సరుకులో కలిసిపోతుంది. ఒకసారి కరిగించాక ఏది ఎక్కడిదో చెప్పడం చాలా కష్టం.

ఒండ్రులో బంగారం, చేపలో పాదరసం

పెరూకు ఆగ్నేయ మూలన, బ్రెజిల్, బొలీవియా సరిహద్దుల్లో మాద్రే దే దియోస్ అనే ప్రాంతం ఉంది. అమెజాన్ అడవిలో భాగం. పెరూ చట్టం దీన్ని దేశానికి 'జీవవైవిధ్య రాజధాని'గా గుర్తించింది. ఆండీస్ కొండల నుంచి నదులు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రులో ఇక్కడ సన్నని బంగారు రేణువులు ఉంటాయి.

వాటిని తీయాలంటే ముందు చెట్లు కొట్టేస్తారు. మిగిలింది తగలబెడతారు. పంపులతో నేలను నీళ్లతో కొట్టి, ఆ బురదను వాలుగా పరిచిన పట్టాల మీదుగా పారిస్తారు. పట్టాలకు అంటిన నల్ల ఇసుకలో పాదరసం కలుపుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుని ముద్దలా మారుతుంది. ఆ ముద్దను మంట మీద కాల్చితే పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది. వెనక మిగిలేది చెట్టూ చేమా లేని, బురద నీళ్లు నిండిన గుంతలు.

పాదరసం ఎక్కడికీ పోదు. గాల్లో కలుస్తుంది, నదిలో దిగుతుంది. నీటి అడుగున సూక్ష్మజీవులు దాన్ని మరింత విషపూరితంగా మారుస్తాయి. చిన్న చేపను పెద్ద చేప తింటుంది, పెద్ద చేపను మనిషి తింటాడు. మెట్టు మెట్టుకీ విషం చిక్కబడుతుంది. గర్భిణి తింటే కడుపులోని బిడ్డ మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. 2016 మేలో పెరూ ప్రభుత్వం ఈ ప్రాంతంలో 60 రోజుల అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జనాభాలో 40 శాతానికి పైగా పాదరసం బారిన పడ్డారని ప్రభుత్వమే ఒప్పుకుంది. గని ముఖం చూడని ఆదివాసీ కుటుంబాలు కూడా ఇందులో ఉన్నాయి. ఎందుకంటే వాళ్ల తిండి నది చేపే.

నరకడానికి కాదు, నరకకుండా ఉంచడానికి లీజు

ఇలాంటి చోట 'కన్సర్వసియోన్ అమెజోనికా' అనే పెరూ స్వచ్ఛంద సంస్థ ఒక కొత్త దారి పట్టింది. అడవిని కలప కంపెనీలకు ప్రభుత్వం లీజుకు ఇవ్వడం అక్కడ మామూలే. మరి కాపాడేవాళ్లకు ఎందుకు ఇవ్వకూడదు? 2001లో లాస్ అమిగోస్ నది పరీవాహక ప్రాంతంలో దాదాపు 3,60,000 ఎకరాల అడవిని ఈ సంస్థ 40 ఏళ్లకు లీజు తీసుకుంది. షరతు ఒక్కటే, నరకకూడదు. ఈ తరహా ప్రైవేటు సంరక్షణ లీజు ప్రపంచంలో ఇదే మొదటిది.

కాగితం మీద లీజు ఉన్నంత మాత్రాన అడవి మిగలదు. అందుకే కాపలాదారులు పడవల్లో, కాలినడకన గస్తీ తిరుగుతారు. డ్రోన్లు ఎగరేస్తారు. బయటి ప్రపంచంతో కలవకుండా బతికే మాష్కో పీరో ప్రజలు తిరిగే నేల కూడా ఈ వైపే ఉంది. అడవి పోతే వాళ్లకు ఇంకో ఊరు లేదు.

చుట్టుపక్కల జనానికి బతుకుదెరువు ఎలా? దానికి బ్రెజిల్ నట్ ఒక జవాబు. ఈ చెట్టు తోటల్లో సరిగా కాయదు. కొన్ని రకాల పెద్ద తేనెటీగలు వస్తేనే పరాగసంపర్కం జరుగుతుంది. గట్టి కాయను కొరికి గింజలు అక్కడక్కడా పాతిపెట్టే అగూటి అనే చిన్న జంతువు ఉంటేనే కొత్త మొక్కలు వస్తాయి. అంటే చుట్టూ అడవి నిలబడితేనే పంట. కాబట్టి గింజలు ఏరుకునే కుటుంబానికి అడవిని కాపాడటం దానం కాదు, సొంత అవసరం. సంస్థ ఈ కుటుంబాలతో కలిసి పనిచేయడం వెనక లెక్క ఇదే.

ఆకాశం నుంచి కన్ను, నేల మీద పోలీసు

2015లో ఈ సంస్థ, అమెరికాలోని దాని సోదర సంస్థ కలిసి 'మాప్' అనే ఉపగ్రహ నిఘా మొదలుపెట్టాయి. ఎక్కడ కొత్తగా చెట్లు పడ్డాయో ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించి బయటపెడతారు, అధికారులకు అందజేస్తారు. నెలల తర్వాత నివేదిక రాయడం కాదు, నరుకుడు సాగుతుండగానే పట్టుకోవడం ఇందులోని కిటుకు.

దాని ఫలితం 2019లో కనిపించింది. లా పంపా అనే చోట అక్రమ తవ్వకందారులు ఒక పట్టణమే కట్టుకున్నారు. ఆ ఫిబ్రవరిలో ప్రభుత్వం 'ఆపరేషన్ మెర్క్యురీ' పేరుతో సుమారు 1,500 మంది పోలీసులను, సైనికులను దించింది. తర్వాత అక్కడ అడవి నరుకుడు 90 శాతానికి పైగా తగ్గిందని మాప్ చిత్రాలు చూపించాయి. కానీ తవ్వేవాళ్లు మాయం కాలేదు. పరియమాను లాంటి వేరే నదుల వైపు జరిగారు. ఒక చోట నొక్కితే ఇంకో చోట ఉబ్బింది.

ఎందుకిలా? తవ్వేవాళ్లలో చాలామంది కుస్కో, పునో కొండ ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన పేదలు. వాళ్లను తరిమితే ఊళ్లో పని లేదు. వాళ్ల వెనకుండి యంత్రాలు, డీజిల్, పాదరసం అందించేవాళ్లు వేరు. లాభం వాళ్లది, లాఠీ దెబ్బ కూలీది. చిన్న గనులను చట్టబద్ధం చేస్తామంటూ పెరూ ప్రభుత్వం పెట్టిన తాత్కాలిక రిజిస్టర్ గడువును పలుమార్లు పొడిగించారు. పేరు ఎక్కించుకుంటే చాలు, కేసుల నుంచి గొడుగు దొరికినట్టే. దాంతో అది కొందరికి అనుమతి పత్రంలా మారింది.

1984 నుంచి 2025 నడిమికాలం దాకా పెరూ అమెజాన్‌లో బంగారం కోసం పోయిన అడవి 1,39,000 హెక్టార్లకు పైనే అని మాప్ లెక్క. అందులో అత్యధిక భాగం మాద్రే దే దియోస్‌లోనిదే. పాత జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం దాదాపు 65,000 హెక్టార్లు. రెండు హైదరాబాద్‌లు పోయినట్టు.

గెలుపులోనూ ఒక దెబ్బ

2022లో వచ్చిన ఒక పరిశోధన ఈ కథను ఇంకో మలుపు తిప్పింది. లాస్ అమిగోస్‌లో, గొడ్డలి తగలని అడవిలోనే, చెట్ల ఆకుల మీద, కింది మట్టిలో పాదరసం విపరీతంగా కనిపించింది. దగ్గరి గనుల నుంచి గాల్లో వచ్చే పాదరసాన్ని దట్టమైన ఆకులు పట్టేస్తున్నాయి. ఆకు రాలినప్పుడు, వాన కురిసినప్పుడు అది నేలలోకి దిగుతోంది. అక్కడి పక్షుల ఒంట్లోనూ చేరింది. కంచె కట్టి అడవిని కాపాడొచ్చు గానీ గాలికి కంచె కట్టలేం. అయితే ఆ అడవిని నరికితే మట్టిలో నిల్వ ఉన్న విషమంతా మళ్లీ నదిలోకి, గాల్లోకి వస్తుంది. కాబట్టి దాన్ని కాపాడాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

ఇదే సమయంలో స్వచ్ఛంద సంస్థలకు రాజకీయంగా ఇరుకు పెరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో పెరూ తెచ్చిన చట్టం ప్రకారం విదేశీ నిధులతో చేసే పనులకు ముందస్తు ఆమోదం కావాలి. ఆ డబ్బుతో ప్రభుత్వం మీద కేసులకు సాయం చేస్తే భారీ జరిమానా. ఎఫ్‌సీఆర్‌ఏ గొడవలు చూసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. నిధుల్లో పారదర్శకత అడగడం న్యాయమే. కానీ పేదవాడి తరఫున కోర్టుకెళ్లే దారే మూసేస్తే అది పారదర్శకత కాదు.

మనం చేయగలిగింది

నగ కొనడం తప్పని ఎవరినీ నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన ఆడవాళ్లకు బంగారం అంటే అలంకారం ఒక్కటే కాదు, కష్టకాలపు పొదుపు కూడా. అయితే జకాత్ వేళ ఏడున్నర తులాలు దాటిందా అని లెక్క చూసుకుంటాం. కొన్న డబ్బు హలాల్ కమాయీనా అని ఆలోచిస్తాం. ఆ బంగారం ఎవరి నది మీదుగా వచ్చిందని మాత్రం అడగం. అడిగినా జవాబు దొరకదు. 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ముద్ర స్వచ్ఛతకు హామీ ఇస్తుంది, గని పేరు చెప్పదు. ఆ వివరం కూడా ఇవ్వాలని దిగుమతిదారులను, పెద్ద నగల సంస్థలను, ప్రభుత్వాన్ని అడగాల్సింది కొనేవాళ్లమైన మనమే.

అప్పటిదాకా ఇంట్లో ఒక పని చేయొచ్చు. అమ్మ, నానీల పాత నగలు కరిగించి కొత్తవి చేయించుకోవడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ బంగారానికి కొత్తగా చెట్టు కొట్టక్కర్లేదు. షాదీకి ఇన్ని తులాలు పెట్టాల్సిందే అనే పట్టుదల తగ్గితే ఇక్కడ అమ్మాయి తండ్రి అప్పు కొంత తగ్గుతుంది. అక్కడ లాస్ అమిగోస్ కాపలాదారుడి మీద ఒత్తిడి కూడా రవ్వంత తగ్గుతుంది.