ట్రాక్టరుకు మరమ్మతు హక్కు కావాలి

నాట్లకు దమ్ము చేస్తుండగా ట్రాక్టరు ఆగితే మనకు బేరమాడే తీరిక ఉండదు. షోరూం ధర విని, విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల కొట్లకు పరుగెడతాం. అది తప్పు కాదు. పగుళ్లు లేని గేరుబాక్సు హౌసింగ్, రిమ్ములు పాతవైనా పనికొస్తాయి. బ్రేకు, స్టీరింగు సామాను మాత్రం కొత్తదే వేయాలి. అక్కడ పొదుపు ప్రాణం మీదికి తెస్తుంది.

కేంద్రం 2022 జులైలో మరమ్మతు హక్కుపై వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. 2025 సెప్టెంబరులో పలు ట్రాక్టరు విడిభాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అదొక్కటే చాలదు. విడిభాగాల ధరలు, మరమ్మతు వివరాలు ఊరి మెకానిక్కుకూ కంపెనీలు ఇచ్చి తీరాలనే చట్టం కావాలి. పాత సామాను మనం ఎంచి కొనాలి గానీ, గతిలేక కాదు.