కోత ఎవరి కంచంలో?

ఖజానాకు రాబడి తగ్గితే సర్కారు ముందు మూడు దారులు. పన్ను పెంచాలి, అప్పు తేవాలి, ఖర్చు తగ్గించాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా పన్ను పెంచుకోగలిగినవి ప్రధానంగా మద్యం, పెట్రోలు, డీజిలు, రిజిస్ట్రేషన్లే. కేంద్రం హామీ ఇచ్చిన ఐదేళ్ల పరిహారం 2022 జూన్‌తో ముగిసింది. అప్పు చేయాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. ఇక మిగిలింది ఖర్చు. ఎవరి ఖర్చు?

నాలుగో దారి ఒకటుంది. అదే అసలు మోసం. బడ్జెట్‌లో రాబడిని ఉబ్బించి రాస్తారు. అది రాకపోతే పద్దు తగ్గించామని చెప్పరు, బిల్లు ఆపుతారు. కాగితం మీద కేటాయింపు భద్రం. ఫీజు రీయింబర్స్‌మెంటు అందక సర్టిఫికెట్ల కోసం కాలేజీ గడప తొక్కేది మాత్రం పేద విద్యార్థి. డీఏ బకాయిల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేది ఉద్యోగి.

కరోనా కాలంలో ఏం జరిగింది? 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 27 ఇచ్చింది. ఉద్యోగుల జీతంలో సగం ఆపింది. చివరికి పింఛనుదారులనూ వదల్లేదు. ప్రజాప్రతినిధులకు 75 శాతం కోత పెట్టిన మాట నిజమే. కానీ చట్టం బలం లేకుండానే చేతికందాల్సిన జీతం ఆగింది. ఆర్డినెన్స్ వచ్చింది జూన్‌లో! ముందు కోత, తర్వాత చట్టమా? ఇదే తీరులో జీతాలు వాయిదా వేసిన ఆంధ్రప్రదేశ్ కేసులో, జీతం, పింఛను ఉద్యోగుల హక్కేనని, ఆపినదానికి 6 శాతం వడ్డీ కట్టాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

లెక్కలు అడగడం మనకు కొత్త కాదు. తెలంగాణ మిగులు నిధులు ఎటుపోయాయని 1969లో నిలదీస్తేనే కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ లెక్కలు తీశాయి. అప్పుడు పరాయి పాలకులను అడిగిన ప్రశ్న 2014 జూన్ 2 తర్వాత మన పాలకులకు వర్తించదా? గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ప్రశ్న ఒక్కటే.

రాబడి తగ్గడం నేరం కాదు. దాచడం నేరం. ఆగిన బిల్లుల జాబితా శాఖలవారీగా నెలనెలా బయటపెట్టాలి. రాబడి అంచనాలను గతేడాది వాస్తవ వసూళ్లకు దగ్గరగా వేయాలి. కోత తప్పకపోతే సభలో చెప్పి, ఆర్భాటాలతో మొదలుపెట్టాలి. స్కాలర్‌షిప్పు, జీతం, పింఛను కోత జాబితాలో చిట్టచివర ఉండాలి.

నిధుల కోసం కొట్లాడిన జనానికి పద్దు చూసే హక్కుంది. చూపించండి!