తీగ వెలయు, పాట విలువయు

మన యిండ్లలోనికి పాటలు వినుటకు మంచి యంత్రములు వచ్చుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. పరభాష నడుమ బ్రదుకు మనకు ఇంట ఘంటసాలవారి పద్యమో, బాలమురళిగారి కీర్తనయో మ్రోగుట విలాసము కాదు. అది పిల్లల చెవులకు తెలుగు బడి. కాని వెల హెచ్చైన తీగ లేనిదే పాట బాగుగ వినబడదను భ్రాంతియు ఆ యంత్రములతోపాటే ఇల్లు చేరుచున్నది.

ఇటీవల మా విద్యార్థిని తండ్రిగారొకరు ఒక ఆంప్లిఫయరును, రెండు స్పీకర్లను కొనిరి. వానిని కలుపు తీగకే అంగడివారు స్పీకర్ల వెలలో సగము చెప్పిరట. ఆయన మా సలహా నడిగిరి. పదవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తెనే లెక్క కట్టుమంటిమి.

తీగ నిరోధము దాని పొడవునకు అనులోమముగను, మధ్యచ్ఛేద వైశాల్యమునకు విలోమముగను మారును. స్పీకరు 5 మీటర్ల దూరమున నున్నది; విద్యుత్తు పోవుటకును, వచ్చుటకును కలిపి 10 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు నిరోధము సుమారు 0.12 ఓములు. స్పీకరుపై 8 ఓములని వ్రాసియున్నది. అనగా తీగ వంతు నూటికి ఒకటిన్నర పాలు! 5 పాళ్లు మించకున్న చాలునని వాడుకలోనున్న నియమము. విద్యుత్సామగ్రి అంగడిలో మీటరు లెక్కన అమ్ము రాగి జంటతీగ ఇందుకు చాలును.

వెండి తీగ మేలు కాదా యందురేమో. వెండి రాగికంటె మంచి వాహకమే. కాని ఆ మేలు నూటికి 6 పాళ్లు మాత్రమే. రాగిని కొంచెము లావుగ కొన్నచో ఆ లోటు తీరును. బంగారము వాహకశక్తిలో రాగికంటె తక్కువది. చిలుము పట్టదు గనుక కొనలకు పూతగా మాత్రము మేలు.

అట్లని చౌకయైనదెల్ల మంచిది కాదు. రాగి పూసిన అల్యూమినియము తీగలు రాగితీగలవలెనే కనబడును. కొన గీకి చూచిన తెల్లని లోహము బయటపడును. ఆంప్లిఫయరునకు సంకేతమును తెచ్చు సన్నని తీగకు లోహపు అల్లిక కవచము ఉండవలెను. లేనిచో ఇంటి విద్యుత్తునుండి 50 హెర్ట్జుల గుంయ్ మను ధ్వని చేరవచ్చును. ధన ఋణ కొనలు రెండు స్పీకర్లకును ఒకే తీరున కలుపవలెను. ఒకదానికి తారుమారైనచో మంద్రధ్వని పలుచబడును. జాగ్రత్త వలసినది ఇచ్చట, వెలయందు కాదు.

తెలుగులో చదివిన సామాన్యశాస్త్రము దేనికి పనికివచ్చునని అడుగు తలిదండ్రులు మనలో కలరు. వారి భయము మాకు తెలియును. పిల్లల పై చదువులను తలచి కలిగిన భయమది. ఓమ్ సూత్రము ఏ భాషలో నేర్చినను ఒక్కటే. కాని ఆ బాలిక లెక్కను తండ్రిగారు మెట్టు మెట్టుగ విని గ్రహించిరి. ఏలయన ఆమె నేర్చిన మాటలు ఆయన ఇంటి మాటలే. బడిలో పుట్టిన వెలుగు ఇంటి గడప దాటి లోనికి పోవుట యిట్లే.

కావున తలిదండ్రులారా, తీగ కొనుటకు ముందు మీ పిల్లల నడుగుడు. మిగిలిన సొమ్ముతో నాలుగు తెలుగు పుస్తకములు కొనుడు. పిమ్మట అందరును కూర్చుండి పాట వినుడు.