నిర్మాత అభిరుచికీ చరిత్ర ఉండాలి

'శంకరాభరణం' పేరెత్తగానే దర్శకుడు కె.విశ్వనాథ్, సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ గుర్తొస్తారు. గాయకుడు ఎస్పీ బాలు గొంతు చెవుల్లో మోగుతుంది. ఏడిద నాగేశ్వరరావును తలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఆ సినిమా తీసిన నిర్మాత ఆయనే. నిర్మాతంటే డబ్బు పెట్టేవాడు, అంతే అనే అభిప్రాయం మనలో నాటుకుపోయింది. అది ఎంత పొరపాటో ఏడిద సినిమాలే చెబుతాయి.

తూర్పుగోదావరి జిల్లా కొత్తపేటలో 1934లో పుట్టిన ఆయన నాటకాలాడుతూ పెరిగారు. నటుడు కావాలని మద్రాసు చేరి చిన్నాచితకా వేషాలు వేశారు, డబ్బింగ్ చెప్పారు. 'సిరిసిరిమువ్వ' (1976) నిర్మాణ బాధ్యత ఆయన దారి మార్చింది.

'శంకరాభరణం'లో స్టార్ లేడు. కథానాయకుడు వయసు మళ్లిన విద్వాంసుడు. ఆ పాత్రకు ఎంచుకున్నది డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న రంగస్థల నటుడు జె.వి.సోమయాజులుని. సినిమా కొనడానికి పంపిణీదారులు జంకారు. అయినా నిర్మాత దర్శకుడి వెంటే నిలిచారు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ చిత్రం స్వర్ణకమలం సహా నాలుగు జాతీయ అవార్డులు తెచ్చింది.

ఇంకొకరైతే అదే బాణీలో మరో నాలుగు సినిమాలు చుట్టేసేవారు. ఏడిద భారతీరాజాతో 'సీతాకోకచిలుక' (1981) తీశారు. అప్పటికి ఒక్క సినిమా అనుభవమే ఉన్న వంశీ చేతిలో 'సితార' (1984) పెట్టారు. రెండూ జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రాలయ్యాయి. మళ్లీ విశ్వనాథ్‌తో తీసిన 'స్వాతిముత్యం' (1986) మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. మాస్ హీరోగా వెలుగుతున్న చిరంజీవిని 'స్వయంకృషి' (1987)లో చెప్పులు కుట్టే సాంబయ్యను చేసిందీ ఈ జంటే. 'ఆపద్బాంధవుడు' (1992)తో ఆయన నిర్మాణం ఆపేశారు. మొత్తం చిత్రాలు పది దాకా ఉంటాయి, అంతే.

ఏ కథ తీయాలి, ఎవరిని నమ్మాలి, బయ్యర్లు పెదవి విరిచినప్పుడు ఎంతవరకు నిలబడాలి? ఈ నిర్ణయాలు కళలో భాగమేనని నా నమ్మకం. హీరో డేట్లు దొరికాక కథ వెతుక్కునే పద్ధతిలో ఇవి నిర్మాత చేతినుంచి జారిపోతాయి. డబ్బు పెట్టేవాళ్లు పెరుగుతారు, సినిమాను ఎంచుకునేవాళ్లు తగ్గుతారు.

అందుకే మన సినిమా చరిత్రలో నిర్మాతలకు ప్రత్యేక అధ్యాయం కావాలి. పాత సంస్థల ఒప్పందాలు, ఖర్చుల పద్దులు, ఉత్తరాలు సేకరించాలి. ఆ సంస్థల్లో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలను వాళ్లుండగానే రికార్డు చేయాలి. సినిమా తీయాలని వచ్చే యువతకు దర్శకత్వంతో పాటు ఈ పాఠమూ అందాలి.