ఖాతా ఎవరి పేరు మీద ఉందో చెప్పండి భియా

పోస్టు పొడుగుంటది, ఓపికతో చదవండి. కోపంతోనే రాస్తున్నం. సగం కోపం మా మీద మాకే.

పోయిన నెల మన గ్రూపులోనే ఒక వీడియో తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటరు. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద మక్క కంకులు కాల్చి అమ్ముకునే ఒక ముసలామె. పడవలెక్కడానికి వచ్చిన పోరగాళ్లు ఇరవైకి రెండియ్యమని బేరమాడుతూ ఆమెను మాట్లాడించిన్రు. ఆమె "నువ్వు ఇరవై ఇస్తది, నేను ఒకటే ఇస్తది" అన్నది. ఆ ముక్కనే నాలుగుసార్లు తిప్పి, వెనక నవ్వుల సౌండు పెట్టి వదిలిన్రు. లక్షల మంది చూసిన్రు. మన గ్రూపులో నవ్వుల బొమ్మలు వరుసగా పడ్డయి. మా రూములో మేం కూడా నవ్వినం. కట్ట మీద పొగకు మొహం సరిగ్గా కనపడలేదు. రెండోసారి పెట్టినప్పుడు గొంతు గుర్తుపట్టినం. ఆమె మా తండా యాడి. మా అమ్మానాయనలు పూనాకు కూలికి పోయిన ఏండ్లలో మాకు జొన్నరొట్టె పెట్టిన మనిషి.

సెలవులకు ఇంటికి పోయి ఫోనులో ఆమెకు చూపించినం. ఏడుస్తదేమో అనుకున్నం, ఏడవలేదు. రెండుసార్లు చూసి ఒకటే అడిగింది. "ఇంతమంది చూస్తే పైసలొస్తయంట కదా, ఎవరికొచ్చినయి?"

డిగ్రీలు, పీజీలు, బీఈడీలు చేసినోళ్లం ఇంతమందిమి ఉన్నం ఈ గ్రూపులో. ఈ ప్రశ్న మనలో ఒక్కరికి రాలేదు.

ఇప్పుడు ఎవర్ని కదిలించినా ఒకటే మాట. "ఉద్యోగాలు ఏడున్నయి, డిగ్రీతో ఏం చేస్తవు, కామెడీ ఛానెల్ పెట్టు, గంగవ్వను చూడు." మా చుట్టాలు చెప్తున్నరు. ఒక మీటింగుకు వచ్చిన పెద్దమనిషి మైకులో కూడా ఇదే చెప్పిండు. ఆయన కొడుకు మాత్రం హైదరాబాద్‌ల ఇంజనీరింగ్ చదువుతుండంట, అది వేరే సంగతి.

గంగవ్వను మేం చూడలేదా? ఆమెది జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. ఊరి పేరులో మన పేరు వినపడుతదని చిన్నప్పుడు మాకు అదో గర్వం. కూలి పనులు చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని సాకిన మనిషి. శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షోలోకి తర్వాత వచ్చింది. ఎవరినీ అనుకరించలేదు. తన మాట తను మాట్లాడింది, తన తిట్లు తను తిట్టింది, జనం దానికే పడిపోయిన్రు. 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనపడ్డది. 2020 సెప్టెంబర్‌లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు పోయి, ఒంట్లో బాగలేక ఐదో వారంలోనే బయటికొచ్చింది. ఇల్లు కట్టుకోవాలనేది ఆమె కోరిక. 2021లో కొత్త ఇంట్లోకి చేరింది. మా అమ్మలు సంతోషపడ్డట్టే మేమూ సంతోషపడ్డం.

కానీ ఈ కథ మాకు చెప్పేటోళ్లు ఇల్లు చూపిస్తరు, అంతకుముందు ఏండ్లు చూపియ్యరు. ఛానెల్ మొదలైనకాడి నుంచి బిగ్‌బాస్ దాకా ఎనిమిదేండ్లు. ఆ ఎనిమిదేండ్లు కథ రాసేటోళ్లు, కెమెరా పట్టేటోళ్లు, ఎడిటింగ్ చేసేటోళ్లు ఒక్క ఊర్లో కూడి పని చేసిన్రు. వాళ్లకు చదువు అక్కరకు రాలేదా? ఇంకోటి, ఆమె ఇంటి సంగతి తేలింది టీవీకి పోయినంకనే. నాగార్జున స్టేజీ మీద ఆమెకు మాటిచ్చిండు. వీడియోల మీద వచ్చిన పేరు ఆమెను అక్కడిదాకా తీసుకపోయింది, నిజమే. వీడియోల యాడ్ పైసలతోనే ఇల్లు లేచిందని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

ఆ టీంలోనే అనిల్ జీల ఉన్నడు. అక్కడ పేరు తెచ్చుకున్నడు, తర్వాత తన పేరు మీద ఇంకో ఛానెల్ పెట్టుకున్నడు. మనం పట్టుకోవాల్సింది అది.

ఎందుకంటే మనకు ఈ లెక్క కొత్త కాదు. మన తాతలు రాళ్లు ఏరి చదును చేసిన భూములు ఎన్ని పోయినయి, పట్టా ఎవరి పేరు మీద ఎక్కిందో అడగక? దున్నినోడు ఒకడు, పాసుబుక్కు ఇంకొకడిది. ఛానెల్ కూడా భూమే భియా. లాగిన్ ఎవరి చేతుల ఉంటదో, బ్యాంకు ఖాతా ఎవరిదో, వాడే పట్టాదారు. ముందర నిలబడి నవ్వించేటోడు జీతగాడు. యాడికి అయితే ఆ జీతం కూడా లేదు, బేరమాడి తగ్గించి కొన్నరు.

మా రూమ్మేట్ సంగతి ఆయన ఒప్పుకున్నంకనే రాస్తున్నం. తాండూరు నాపరాయి పాలిషింగులో వాళ్ల నాయన పని చేస్తడు. ఈ పోరడు నోరు తెరిస్తే మా రూమంతా కడుపు పట్టుకోవాల్సిందే. ఏడాది పాటు ఎవరో ఒకరి ఛానెల్‌లో చేసిండు. జోకులు ఈయనవి, మాటలు ఈయనవి, ఒక వీడియోల వాళ్లమ్మ కాంచళి కూడా తీసుకపోయి వేసుకున్నడు. ఇచ్చింది పెట్రోలు, బిర్యానీ. వాటా అడిగితే "నీకు పేరొచ్చింది కదరా" అన్నరు. పేరుతో పరీక్ష ఫీజు కట్టనిస్తరా? అయినా అక్కడికే పోతనని, డిగ్రీ ఇడిచిపెడతనని ఒక రాత్రి బ్యాగు సర్దిండు. తెల్లారేదాకా లొల్లి పెట్టుకున్నం. కామెడీ ఇడిచిపెట్టుమని మేం చెప్పలేదు. అంత మంచిగ నవ్వించేటోన్ని ఆపితే పాపం. పరీక్ష రాయి, ఛానెల్ నీ పేరు మీద పెట్టు అన్నం. ఫీజు తలా ఇంత వేసి కట్టినం.

పైసలు ఎట్లొస్తయో అప్పుడే కూర్చొని చదివినం. మీరూ తెలుసుకోండి, "వ్యూస్ వస్తే డబ్బులే" అనేటోళ్లు మనలో మస్తుమంది ఉన్నరు. యూట్యూబ్‌లో యాడ్స్ వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలె. దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు చూసి ఉండాలె, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. అది దాటినంక పొడుగు వీడియోల యాడ్ పైసల్లో 55 శాతం ఛానెల్‌కు. షార్ట్స్‌కు లెక్క వేరు, అందరి షార్ట్స్ మధ్య వచ్చిన పైసలు ఒక్కకాడ కుప్ప పోసి, పాటలోళ్ల భాగం తీసి, మిగిలింది వ్యూస్ ప్రకారం పంచి, అందులో 45 శాతం ఇస్తరు. అందుకే లక్షల వ్యూస్ అనంగనే లక్షల రూపాయలు అనుకోకండి. మొత్తం నూరు డాలర్లు అయ్యేదాకా బ్యాంకుల రూపాయి పడదు. నూరు డాలర్లంటే ఎనిమిది వేలకు పైనే. మా మెస్ చార్జీ నెలకు 2,100. లెక్క మీరే చేసుకోండి, ఎన్ని నెలల తిండికి సమానమో.

ఇంకో తిరకాసు ఉంది. పది డాలర్లు దాటంగనే అడ్రస్ నిజమేనా అని చూడటానికి ఒక పిన్ నంబర్ పోస్టులో పంపుతరు. మా తండా 2018లో గ్రామ పంచాయతీ అయింది గానీ ఇంటి నంబర్ అడిగితే ఇప్పటికీ "వేపచెట్టు పక్క" అనే చెప్తరు. మావోడు ఆ ఉత్తరం కోసం చూస్తుండు. అమెరికా పన్ను ఫారం ఇంగ్లీషులో ఉంటే మేమే ముగ్గురం కూర్చొని నింపినం. డిగ్రీ ఎందుకు అనేటోళ్లకు ఇదొక్కటి చూపించాలనిపించింది.

"ఊరికే నవ్వుకుంటే తప్పేంది, మీకు జోకు తెల్వదా" అని మొన్న ఒక అన్న కామెంట్ పెట్టిండు. తెలుసన్నా. గంగవ్వ మాట్లాడుతుంటే ఆమెతో కలిసి నవ్వుతం. యాడి వీడియోల మనం ఆమె నాలుకను చూసి నవ్వినం. ఆమె తెలుగు బడిలో నేర్వలేదు, కంకులమ్ముకుంటూ నేర్చింది. గోర్ బోలి, తెలుగు, బేరానికి సరిపడా హిందీ, మూడు వస్తయి ఆమెకు. ఆ ఫోను పట్టినోడికి గోర్ బోలిల నీళ్లు అడగడం వస్తదా? తండాకు పబ్లిసిటీ వచ్చింది కదా అనేటోళ్లకు మా దగ్గర జవాబు లేదు, ఆ పబ్లిసిటీకి మా తండాల ఒక్క బోరింగు కూడా బాగుపడలేదు.

కాబట్టి ఈ గ్రూపులో మనోళ్ల మాటను ఎక్కిరించే ముక్కలు ఇకనుంచి పెట్టొద్దు, పెడితే అడ్మిన్లు తీసెయ్యాలె. వేరేటోళ్ల ఛానెల్‌లో చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు రేపే పోయి అడగండి, ఖాతా ఎవరిది, నా వాటా ఎంత, కాయితం మీద రాసిస్తరా అని. రాయకపోతే బిర్యానీ తిని వాపసు రండి, మళ్లీ పోకండి. సొంతంగ పెట్టుకునేటోళ్లకు ఫారాలు నింపేకాడ సాయం కావాలంటే మమ్మల్ని అడగండి.

యాడి వీడియో తీసేయించాలని మేం అనుకున్నం. యూట్యూబ్‌కు ప్రైవసీ కంప్లైంట్ పెట్టొచ్చు, కానీ మామూలుగా అది ఎవరి వీడియోనో వాళ్లే పెట్టాలె. అందుకే మొన్న ఆదివారం మళ్లీ తండాకు పోయి, ఆమెను పక్కన కూర్చోపెట్టుకొని, ఫోను తెరిచి, "తీసెయ్యమని రాద్దామా యాడి" అని అడిగినం. ఆమె వద్దన్నది. "తీసేస్తే నాకేమొస్తది? వాన్ని పిలువు. నా పైసలు ఇచ్చి, ఆ మిగిలిన ఒక్క కంకి ధర కూడా ఇచ్చి పొమ్మను."

ఆ ఛానెల్‌కు ఈ మాటనే మెసేజ్ పెట్టినం. ఇంకా జవాబు రాలేదు.